నోటికి పట్టిన పాటకూ ఒక పీట వేయండి

తెలంగాణ గద్దర్ ఫిల్మ్ అవార్డుల ఎంపిక సంఘం సభ్యులకు,



సినిమా పాటంటే చెవి కోసుకునేవాళ్లలో చాలామందికి రెండు జాబితాలుంటాయి. మీకు ఇష్టమైన పాటలేవని నలుగురిలో ఎవరైనా అడిగితే బయటికి తీసేది మొదటిది. అందులో ‘మల్లీశ్వరి’ తప్పకుండా ఉంటుంది, ‘శంకరాభరణం’ ఉంటుంది, ‘సిరివెన్నెల’ ఉంటుంది. రెండోది ఎవరూ అడగనిది, ఎవరికీ చెప్పనిది. గిన్నెలు తోముతున్నప్పుడో, సిగ్నల్ దగ్గర బండి ఆపినప్పుడో మన ప్రమేయం లేకుండా పెదాల మీదికి వచ్చేసే పాటలు అందులో ఉంటాయి. నా రెండో జాబితా చెప్పుకోవడానికి నాకు మొహమాటమేమీ లేదు. ‘రోజులు మారాయి’లో ఏరువాక పాట, ‘అమ్మ మాట’లో మాయదారి సిన్నోడు, ‘అడవి రాముడు’లో ఆరేసుకోబోయి, ‘మనీ’లో భద్రం బీకేర్‌ఫుల్, ‘ఆర్య 2’లో రింగ రింగ, ‘ఫిదా’లో వచ్చిండే, ‘అల వైకుంఠపురములో’లో రాములో రాములా, ‘ఆర్ఆర్ఆర్’లో నాటు నాటు. ఈ ఉత్తరం ఆ రెండో జాబితా తరఫున రాస్తున్నాను. అడిగేది ఒక్కటే. ఉత్తమ గీత రచయితను ఎంచే బల్ల దగ్గర ఇలాంటి పాటలను ‘అవి వేరే’ అని పక్కన పెట్టకండి. వాటిలో ఉన్నది కూడా రచనే. చాలాసార్లు అది గంభీరమైన పాట రాయడం కన్నా కష్టమైన రచన.

మీరు మొన్న ఎవరికి ఇచ్చారు, ఎవరికి ఇవ్వలేదు అన్నది నా తగవు కాదు. మీది కొత్త సంస్థ, తొలి ప్రదానం 2025 జూన్‌లోనే జరిగింది, అలవాట్లు ఇంకా గట్టిపడలేదు. అందుకే ఇప్పుడే రాస్తున్నాను. గట్టిపడిన అలవాటు ఎలా ఉంటుందో జాతీయ పురస్కారాల్లో కనిపిస్తుంది. 2021 సంవత్సరపు సినిమాలకు ఇచ్చిన 69వ జాతీయ పురస్కారాలనే చూడండి. ‘ఆర్ఆర్ఆర్’కు ఆరు వచ్చాయి. నేపథ్య సంగీతానికి కీరవాణికి, కొమురం భీముడో పాడినందుకు కాలభైరవకు, నాటు నాటుకు అడుగులు కూర్చిన ప్రేమ్ రక్షిత్‌కు దక్కాయి. పాటల సంగీతానికి పురస్కారం ‘పుష్ప’ మొదటి భాగానికి గాను దేవిశ్రీ ప్రసాద్‌కు వెళ్లింది. ఇక గీత రచన పురస్కారం చంద్రబోస్‌కు వచ్చింది. ఏ పాటకు? ‘కొండపొలం’లో ధం ధం ధం అనే పాటకు. మంచి పాటే, కాదనను. కానీ ఆ ఏడాది లెక్కలోనే ‘నాటు నాటు’ ఉంది, దాని మాటలు చంద్రబోస్‌వే. ‘పుష్ప’లో పాటలన్నీ ఆయన రాసినవే. అంటే ‘పుష్ప’ బాణీలు పురస్కారానికి పనికొచ్చాయి, వాటి మీద కూర్చున్న మాటలు పనికిరాలేదు. ‘నాటు నాటు’ అడుగులకు గౌరవం దక్కింది, ఆ అడుగులు ఏ మాట మీద పడ్డాయో ఆ మాటకు దక్కలేదు. ఆ ఫలితాలు రావడానికి అయిదు నెలల ముందే, 2023 మార్చిలో, ఆస్కార్ వాళ్లు అదే పాటకు కీరవాణినీ చంద్రబోస్‌నూ కలిపి పిలిచి బహుమతి ఇచ్చారు. వాళ్ల దగ్గర పాటకు ఒకటే బహుమతి, బాణీ కట్టినవాడికీ మాట రాసినవాడికీ కలిపి. మన దగ్గర రెండూ విడివిడి. విడదీసి ఇవ్వడంలో తప్పేమీ లేదు. తప్పల్లా విడదీశాక రెండింటికీ రెండు కొలతలు వాడటంలో ఉంది. బాణీ హుషారుగా ఉండొచ్చు, అడుగు ఊపుగా ఉండొచ్చు, మాట మాత్రం బరువుగా ఉండి తీరాలన్నది ఎక్కడా రాయని నియమం.

ఒక్క ఏడాదిని పట్టుకుని నియమం అంటారేమిటని అడగొచ్చు. గీత రచనకు జాతీయ పురస్కారం తెచ్చిన తెలుగు పాటలను వరసగా తలచుకోండి. ‘అల్లూరి సీతారామరాజు’లో శ్రీశ్రీ తెలుగు వీర లేవరా, ‘మాతృదేవోభవ’లో వేటూరి రాలిపోయే పువ్వా, ‘ఠాగూర్’లో సుద్దాల అశోక్‌తేజ నేను సైతం, తర్వాత చంద్రబోస్, ఆ తర్వాత ‘బలగం’లో కాసర్ల శ్యామ్ ఊరు పల్లెటూరు. పిలుపు, ఏడుపు, ఆవేశం, ఆలోచన, ఊరి మీద బెంగ. చివరిదాన్లో కాస్త చిరునవ్వు ఉంది, అది మంచి మార్పే. అయితే నన్ను ఆకట్టుకునేది ఆ పాటల కన్నా ఆ చేతులు. రాలిపోయే పువ్వా రాసిన చెయ్యే అంతకు పదహారేళ్ల ముందు ‘అడవి రాముడు’ కోసం ఆరేసుకోబోయి రాసింది. నేను సైతం రాసిన సుద్దాలే వచ్చిండే రాశారు. ఊరు పల్లెటూరు రాసిన కాసర్ల శ్యామే అంతకు ముందు రాములో రాములా రాశారు. ‘విశ్వంభర’తో జ్ఞానపీఠం ఎక్కిన సినారె, 1972లో ఎల్.ఆర్.ఈశ్వరి గొంతుకు మాయదారి సిన్నోణ్ణి ఇచ్చారు. ‘విధాత తలపున’ అని మొదలుపెట్టిన సిరివెన్నెలే పెళ్లి జోలికి వెళ్లొద్దని కుర్రాళ్లను హెచ్చరించే భద్రం బీకేర్‌ఫుల్ రాశారు. వీళ్లంతా రెండో రకం పాటను ఎడమ చేత్తో, డబ్బు కోసం రాశారని అనుకోవడానికి మనకు ఒకటే ఆధారం: మన చిన్నచూపు. పాటను విప్పి చూస్తే ఎడమ చేతి పని ఎక్కడా కనిపించదు.

కాసేపు విప్పి చూద్దాం. ‘నాటు’ అన్న మాటలో ఒక గురువు, ఒక లఘువు. ఛందస్సులో దాన్ని హగణం అంటారు. మూడు మాత్రలు. సూర్యగణాలు రెండే, అందులో ఇదొకటి. వేమన వాడిన ఆటవెలదిలో రెండో పాదమూ నాలుగో పాదమూ అచ్చంగా అయిదేసి సూర్యగణాలే. నాటు నాటు అని రెండుసార్లంటే ఆరు మాత్రలు. కీరవాణి ఆ పాటకు ఎంచుకున్నది సిక్స్ బై ఎయిట్, అంటే ఆరు దెబ్బల నడక. మాట నడకకు సరిపోవడం కాదు, మాటే నడక అయి కూర్చుంది. ఇప్పుడు 1955కు వెళ్లండి. ‘రోజులు మారాయి’లో కొసరాజు పాట ఎత్తుకున్న మాట ఏరువాక. గురువు, లఘువు, గురువు, లఘువు. నాటు నాటు ఎంత తూగుతుందో ఏరువాక కూడా అంతే తూగుతుంది. బతుకమ్మ చుట్టూ తిరిగే ఆడవాళ్లు పాదం పాదానికీ అనే చందమామకూ అదే తూకం. అన్నమయ్య తన పదానికి పల్లవిగా పెట్టుకున్న తందనాన కూడా అదే. అయిదు వందల ఏళ్లు దాటిన పదం నుంచి నిన్నటి ఆస్కార్ పాట దాకా తెలుగు నోరు ఎక్కడ సుఖంగా ఆగుతుందో, ఎక్కడ చప్పట్లు పడతాయో ఆ జాగా మారలేదు. అది తెలిసి రాసినా, చెవి చెబితే రాసినా రచయిత చేసింది పెద్ద పనే. తూకం ఒక్కటే ఉంటే సరిపోదు కూడా. ‘పాలవాడు’ కూడా అంతే తూగుతుంది, ఎవరూ పాడరు. నాటులో ‘నా’ దగ్గర గొంతు తెరుచుకుంటుంది, ‘టు’ దగ్గర నాలుక అంగిలికి కొట్టుకుంటుంది. సాగదీయడానికి ఒక అచ్చు, దెబ్బ వేయడానికి ఒక హల్లు. డప్పు రాకముందే డప్పు మోగుతుంది. సినిమాలో ఆ మాట వచ్చే చోటు చూడండి. తెల్లవాడు తన టాంగో, ఫ్లెమెంకో పేర్లు చెప్పి నీకేం వచ్చు అని వెటకారం చేసినప్పుడు దానికి జవాబుగా వస్తుంది. ‘మోటు’ అని ఎదుటివాడు అనబోయే మాటను ముందే ఎత్తుకుని జెండా చేసి ఎగరేయడం అది. అర్థం లేని హోరు అని తీసిపారేసే పాట పల్లవిలో జరుగుతున్నది ఇంత.

‘ఆరేసుకోబోయి’ సంగతి మరీ ముచ్చటైనది. ఆ పాట పేరెత్తగానే మన కళ్లకు కనబడేది ఎన్టీఆర్, జయప్రద, తడిసిన చీర. అందుకే అక్షరాల వంక చూసేవాళ్లు తక్కువ. ‘ఆరేసు’ అన్న ముక్కను గురులఘువులుగా రాసుకోండి. రెండు గురువులు, ఒక లఘువు, అంటే తగణం. పల్లవి మొదటి పాదం మొత్తాన్ని అలా ముక్కలు చేస్తే నాలుగూ తగణాలే వస్తాయి, ఒక్క మాత్ర ఎక్కువా లేదు, తక్కువా లేదు. పైగా పాదం మొదట్లోనూ సగంలోనూ రెండో అక్షరం ‘రే’. దీన్ని పద్యం చెప్పేవాళ్లు ప్రాసయతి అంటారు. తేటగీతిలో చేస్తే విద్వత్తు. చీర ఆరేసుకునే పాటలో చేస్తే మాస్. 1977లో ఆ పాటకు బాణీ కట్టిన కె.వి.మహదేవనే మూడేళ్లు తిరక్కుండా ‘శంకరాభరణం’ చేశారు, వేటూరే దానికి మాటలు రాశారు, బాలసుబ్రహ్మణ్యం దాన్లోనూ పాడారు, దీన్లోనూ పాడారు. ‘శంకరాభరణం’ సంగీతానికి మహదేవన్‌కు, గానానికి బాలుకు జాతీయ పురస్కారాలు వచ్చాయి, రావలసినవే. అయితే ఆ ముగ్గురూ రెండు సినిమాలకూ రెండు వేర్వేరు చెవులు పెట్టుకుని రాలేదు. చెవి ఒకటే. మనమే దాన్ని రెండు చేసి, ఒకదాన్ని గుళ్లో పెట్టి, ఒకదాన్ని టూరింగ్ టాకీసులో వదిలేశాం.

తూకం సరే, అర్థం మాటేమిటి, గీత రచన పురస్కారం అంటే భావానికి కదా ఇచ్చేది అని మీలో ఎవరైనా అంటారు. ఇది న్యాయమైన ప్రశ్న. హుషారు పాటల్లో నూటికి ఎనభై భావం లేక కాదు, ఓపిక లేక పాడవుతున్నాయి. పల్లవిలో ఒక పట్టు దొరికితే చాలు, చరణాలు ఏదో ఒకదానితో నింపేయవచ్చు అన్న ధీమా వాటిలో ఉంటుంది. వాటి తరఫున నేను వాదించను. నేను అడుగుతున్నది చరణం కూడా నిలబడిన వాటి గురించి. ‘నాటు నాటు’ చరణాల్లోకి వెళ్లి చూస్తే పొలం దుమ్ములో దూకే పోట్లగిత్త, పోలేరమ్మ జాతర, కిర్రు చెప్పులు, కర్రసాము, మర్రిచెట్టు కింద చేరిన కుర్రకారు, జొన్నరొట్టె, మిరపతొక్కు ఒకదాని వెంట ఒకటి దిగుతాయి. ఊరి బతుకును వర్ణించడానికి ఇంకొకరు నాలుగు పేజీలు తీసుకునే సరంజామా అది. విశేషణాలు లేవు, ఊరు గొప్పదన్న ఉపన్యాసం లేదు, వస్తువులే వరసగా వచ్చి చిందేస్తాయి. పాటలో తొంభై శాతం సగం రోజులో వచ్చిందనీ, మిగిలిన పది శాతానికి పందొమ్మిది నెలలు పట్టిందనీ చంద్రబోస్ చెప్పారు. ఆ పందొమ్మిది నెలల్నే మనం ‘మాస్ సాంగ్’ అని ఒక్క మాటలో కొట్టేస్తున్నాం. ఇక పల్లవిలో అర్థం లేని అక్షరాల మాట. అన్నమయ్యకు మించిన సాక్ష్యం నా దగ్గర లేదు. రాజూ బంటూ నిద్రపోతే ఒకటే, బ్రాహ్మణుడూ చండాలుడూ మెట్టే నేల ఒకటే అని చెప్పే పదానికి ఆయన పల్లవి పట్టు తందనాన. నిఘంటువులో దానికి అర్థం వెతికితే దొరకదు. కానీ ఆ అర్థం లేని అక్షరాలే అంత బరువైన మాటను చదువురాని వాడి నోటిదాకా మోసుకొచ్చాయి. వంతపాట ఉన్న ప్రతి కళలోనూ, బుర్రకథ కానీ బతుకమ్మ కానీ, ఇదే కిటుకు. పాట మొత్తం రానివాడు కూడా మధ్యలో వచ్చి కలిసిపోయేందుకు ఒక గుమ్మం తెరిచి ఉంచుతారు. ఆ గుమ్మం ఎక్కడ పెట్టాలో తెలియడమే ఈ విద్య.

ఇంకో అభ్యంతరం వ్యవహారజ్ఞులది. హుషారు పాటకు జనాదరణే బహుమతి, కోట్లమంది విన్నారు, డబ్బొచ్చింది, పేరొచ్చింది, పురస్కారాన్ని ఎవరూ పట్టించుకోని మంచి పాటకు దాచి ఉంచాలంటారు. వినడానికి ధర్మంగా ఉంది. కానీ వచ్చిన పేరు ఎవరికి వచ్చింది? రాములో రాములా ఎవరి పాటని అడగండి. అల్లు అర్జున్‌ది అంటారు. కాస్త తెలిసినవాళ్లు తమన్ అంటారు. కాసర్ల శ్యామ్ పేరు చెప్పేవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టాలి. నెమ్మదైన పాటకు రచయిత ఎవరో వెతుక్కుని తెలుసుకుంటారు, చిందేసే పాటకు స్టెప్పు ఎవరిదో తెలుసుకుంటారు. పాట ఎంత నోటికి పడితే రాసినవాడు అంత మాయమవుతాడు. రాయల్టీలో రచయితకూ స్వరకర్తకూ వాటా ఉండాలని, దాన్ని ఎవరికో రాసిచ్చేయడానికి వీల్లేదని చట్టం చెప్పడానికే 2012 దాకా ఆగాల్సి వచ్చింది. కాబట్టి జనాదరణే చాలదా అన్న మాట వాస్తవంలో రచయిత దగ్గరికి రాదు. పైగా సినిమాల విషయంలో మనం ఈ వాదన ఒప్పుకోలేదు. ఆరోగ్యకరమైన వినోదం పంచిన జనరంజక చిత్రానికి జాతీయ స్థాయిలో ప్రత్యేకంగా బహుమతే ఉంది, ‘ఆర్ఆర్ఆర్’ తీసుకున్నది అదే. మూడు గంటల జనరంజకత్వానికి ఇవ్వగలిగిన గౌరవం నాలుగు నిమిషాల దానికి ఎందుకు బరువైపోయింది?

ఇప్పటి పాటలు నోటికి పడుతున్నవి కావు, పట్టిస్తున్నవి అని ఇంకొందరి ఫిర్యాదు. సినిమా రావడానికి నెలల ముందే లిరికల్ వీడియో, దాన్లో ముప్పై సెకన్ల హుక్ స్టెప్పు, దాని మీద రీల్స్. ఇంతసేపు వినిపిస్తే ఏదైనా పడుతుందట. చెవిలో పడటం వేరు, నోట్లో నానడం వేరు. ప్రచారం మొదటిది చేయగలదు, రెండోది దాని చేతిలో లేదు. అదే ఖర్చుతో, అదే హీరోతో వచ్చి నెల తిరక్కుండా మరుగైన పాటలు ప్రతి ఏడాదీ గంపలకొద్దీ ఉన్నాయి. ప్రచారం మాట అటుంచి, అడ్డంకులే ఉన్న కాలం చూడండి. 1952లో కేంద్ర సమాచార ప్రసార శాఖ మంత్రి అయిన బి.వి.కేస్కర్‌కు సినిమా పాటలంటే గిట్టేది కాదు. ఆకాశవాణిలో వాటికి చోటు కుదించేశారు. జనం రేడియో ముల్లు సిలోన్ వైపు తిప్పుకున్నారు. చివరికి ఆకాశవాణే దిగివచ్చి 1957 అక్టోబరులో వివిధభారతి మొదలుపెట్టాల్సి వచ్చింది. సరిగ్గా ఆ మధ్యకాలంలో, 1955లో, ఏరువాక పాట వచ్చింది. కొసరాజు మాట, మాస్టర్ వేణు బాణీ, జిక్కి గొంతు, వహీదా రెహమాన్ అడుగు. రీల్స్ లేవు, ఆకాశవాణి ఆదరణ అంతంతమాత్రం. అయినా ఆ పాట ఆగలేదు. ఆ బాణీ పోకడ అయిదేళ్లకు ‘బంబయి కా బాబూ’లో ఎస్.డి.బర్మన్ చేతిలో హిందీ పాటలో తేలింది. రింగ రింగ కూడా అలాగే రెండేళ్లలో సల్మాన్ ఖాన్ ‘రెడీ’లోకి ఎక్కింది. అక్కడ బాణీ వెళ్లింది కానీ మాట వెళ్లలేదు కదా అనొచ్చు. నిజమే. కానీ ఏరువాక పాట ఇక్కడ నిలిచింది మాట వల్ల. తొలకరి పడగానే ఇవాళ్టికీ పేపర్లో శీర్షిక పెట్టేవాళ్లకు ముందు తోచేది కొసరాజు మాటే.

అసభ్యత గురించిన అభ్యంతరమే అన్నిటికన్నా గట్టిది, దాన్ని తేలిగ్గా దాటేయాలని నాకు లేదు. నోటికి పట్టించడానికి దగ్గరి దారి ద్వంద్వార్థం. ఆడమనిషిని ముక్కలుగా వర్ణించడం అంతకన్నా దగ్గరి దారి. మన హుషారు పాటల్లో చాలా భాగం ఈ దారినే పోయాయి, పోతున్నాయి. 2025 మార్చిలో తెలంగాణ మహిళా కమిషన్ అసభ్యమైన స్టెప్పుల మీద సినిమావాళ్లను హెచ్చరించాల్సిన పరిస్థితి వచ్చింది. ‘పుష్ప’లో ఊ అంటావా పాటను చూడండి. దాని మాటలు మగవాడి చూపును దెప్పుతాయి. ఏ రంగున్నా, ఏ కట్టున్నా ఆడదాన్ని చూసే కన్ను ఒకటేనని ఎత్తిపొడుస్తాయి, పురుషుల సంఘం ఒకటి నొచ్చుకుని కోర్టు దాకా వెళ్లింది కూడా. కెమెరా మాత్రం ఆ మాట ఏ చూపును తిడుతోందో ఆ చూపుతోనే సమంతను చూస్తుంది. ఇందులో రచయితకు ఎన్ని మార్కులు, దర్శకుడికి ఎన్ని? మాటను విడిగా తూచగలిగేది గీత రచన పురస్కారం ఒక్కటే. మీరు ఈ పాటల జోలికే పోకపోతే ఆ తేడా చెప్పే చోటు ఎక్కడా మిగలదు. ప్రభుత్వం దగ్గర చెడ్డ పాటను మందలించడానికి కమిషన్ ఉంది, సెన్సార్ కత్తెర ఉంది. హుషారుగానూ ఉండి, ఎవరినీ కించపరచకుండానూ ఉన్న పాట ఇదీ అని చూపించడానికి ఏమీ లేదు. పిల్లల నోళ్లలో నానేది ‘మాతృదేవోభవ’ పాట కాదు, ఈ పాటలే. వాటికే కొలమానం లేకపోవడం ఏం న్యాయం?

ఇవన్నీ ఇంకెవరికైనా రాయొచ్చు కదా, మాకే ఎందుకని అడిగితే, మీ పురస్కారానికి ఉన్న పేరే జవాబు. గద్దర్ చేతిలో కర్ర, భుజాన గొంగడి, కాలికి గజ్జె ఎంత ముఖ్యమో, పాటలో పట్టు అంత ముఖ్యం. ‘మా భూమి’లో ఆయన పాడి కనిపించిన బండెనక బండి కట్టి సాయుధ పోరాట కాలపు పాట. నైజాము సర్కారును ‘నువ్వు’ అని నిలదీసే ప్రశ్న, గుంపు అందుకునే పట్టు. ఒకసారి విన్నవాడు రెండోసారి వంత పాడగలిగేలా కట్టిన పాట అది. ఆయన జన నాట్య మండలి మైదానాల్లో జనాన్ని కూర్చోబెట్టింది సిద్ధాంతం ముందా, దరువు ముందా అని అడిగితే దరువే ముందని ఆ సభలు చూసిన ఎవరైనా ఒప్పుకుంటారు. నోటికి పట్టడమే ఆ పాటల రాజకీయం. నోటికి పట్టని పాట ఊరు దాటదు, ఊరు దాటని పాటతో ఉద్యమం నడవదు. ‘ఒరేయ్ రిక్షా’కు ఆయన రాసిన చెల్లెలి పాటకు నంది వస్తే ఆయన తీసుకోలేదన్న సంగతి ఇక్కడ గుర్తొచ్చి చిన్నగా నవ్వు వస్తుంది. ప్రభుత్వ బహుమతి వద్దన్నవాడి పేరు ప్రభుత్వ బహుమతికి పెట్టుకున్నాం. పెట్టుకున్నాక ఆయన పాటకు ప్రాణమైన గుణాన్ని చిల్లరగా చూడటం మాత్రం బాగుండదు.

పనికొచ్చే మాట ఒకటి చెప్పి ముగిస్తాను. మీరు తొలి విడతలోనే వెనక్కి వెళ్లి 2014 నుంచి 2023 దాకా ఒక్కో ఏటికీ ఉత్తమ చిత్రాలను ఎంచారు. వెనక్కి చూడటం మీకు కొత్త కాదు. ఏటేటా ఇచ్చే గీత రచన పురస్కారంతో పాటు, సరిగ్గా పదేళ్ల కిందటి సినిమాల్లోంచి ఒక పాటకు, దాని రచయితకు ఒక పురస్కారం పెట్టండి. పదేళ్లలో లిరికల్ వీడియోల హడావిడి చల్లారుతుంది, హీరో అభిమానుల గోల సద్దుమణుగుతుంది, కొన్న వ్యూస్ లెక్కకు రావు. ఎంచేటప్పుడు ముందు బొమ్మ లేకుండా వినండి, తర్వాత చరణాలు కాగితం మీద చదవండి, చరణాలు చదివించుకోని పాటను నిర్మొహమాటంగా తీసేయండి. ఆఖరికి ఆ సినిమా వచ్చేటప్పటికి బడికి కూడా పోని పిల్లలను పిలిచి పల్లవి అందించి చూడండి, ఎంతవరకు అందుకుంటారో. 2027లో మీ బల్ల మీదికి 2017 పాటలు వస్తాయి. నా వంతుగా ‘ఫిదా’లో వచ్చిండే పంపుతాను. రాసింది సుద్దాల అశోక్‌తేజ, బాణీ శక్తికాంత్ కార్తీక్, పాడింది మధుప్రియ, రాంకీ. సాయిపల్లవి చిందు కాసేపు మరిచిపోయి, తెలంగాణ పెళ్లింటి మాటను అక్కడ ఎలా కూర్చారో వినండి. దానికన్నా మంచిది ఆ ఏడాది ఇంకొకటి ఉందని మీరు తేలిస్తే నాకు అభ్యంతరం లేదు, అదేమిటో తెలుసుకుని పాడుకుంటాను.

ఇట్లు
ఒక పాటల అభిమాని